వీఓ2 మ్యాక్స్ దేనితో కొలిపించుకోవాలి? ల్యాబ్, మైదానం, వాచీల మధ్య ఎంపిక

జూన్‌లో 74. సెప్టెంబర్‌లో 77. మూడు నెలల శిక్షణకు వీఓ2 మ్యాక్స్, అంటే ఒళ్లు కిలో బరువుకు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ మిల్లీలీటర్లు, మూడు పాయింట్లు పెరిగిందని కాగితం మీద చూస్తే కోచ్‌కీ అథ్లెట్‌కీ సంతోషమే. కానీ రెండుసార్లూ ఒకే ల్యాబా? ఒకే యంత్రమా? ఆ రోజు బరువెంత? సగటు ఎన్ని సెకన్లకు తీశారు? వీటికి జవాబు లేకపోతే ఆ మూడు పాయింట్లను నమ్మడానికి లేదు. మంచి ల్యాబ్‌లో, చేయి తిరిగిన టెక్నీషియన్ కొలిచినా ఒకే మనిషికి వారం తేడాతో సుమారు 2 శాతం అటూ ఇటూ వస్తుంది. రెండు కొలతల మధ్య మార్పు నిజమేనని 95 శాతం ధీమాతో చెప్పాలంటే అది ఆ తేడాకు 2.77 రెట్లు ఉండాలి. అంటే 5.5 శాతం. 74 మీద అది 4 పాయింట్ల పైమాటే. మూడు పాయింట్లు చాలవు.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడి సంగతి వేరు. అతని వీఓ2 మ్యాక్స్ కొన్ని నెలల్లోనే 10, 15 శాతం పెరగొచ్చు. ఏ పద్ధతిలో కొలిచినా ఆ పెరుగుదల కనబడుతుంది. పదేళ్లుగా వారానికి 150 కిలోమీటర్లు పరిగెత్తే అథ్లెట్‌కు ఏడాదిలో 2, 3 శాతం కదిలితేనే గొప్ప. కాబట్టి ఎలైట్ స్థాయిలో పద్ధతిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అది ఎంత ఆధునికమని కాదు, ఎన్నిసార్లు కొలిచినా ఒకేలా చెబుతుందా అని.

ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

వీఓ2 మ్యాక్స్ అంటే ఒళ్లు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్. గుండె నిమిషానికి తోసే రక్తాన్ని, ఆ రక్తం నుంచి కండరాలు లాక్కునే ఆక్సిజన్‌తో గుణిస్తే వచ్చేది. 1923లో ఏ.వి. హిల్, హార్ట్‌లీ లుప్టన్ ఈ భావనను ముందుకు తెచ్చారు. హిల్ తానే సంచి తగిలించుకుని మాంచెస్టర్‌లో గడ్డి మైదానం చుట్టూ పరిగెత్తి కొలుచుకున్నాడు. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే: వదిలిన గాలి ఎంత, అందులో ఆక్సిజన్ ఎంత తగ్గింది.

ఈ అంకె ఏం చెప్పదో కూడా తెలిసి ఉండాలి. అమెరికన్ రన్నర్ స్టీవ్ ప్రిఫాంటెయిన్‌కు 84.4 వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మారథాన్ విజేత ఫ్రాంక్ షార్టర్‌కు 71.3. అంత ఎడం ఉన్నా 5000 మీటర్లలో ఇద్దరి అత్యుత్తమ సమయాల మధ్య తేడా కొద్ది సెకన్లే. బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా ర్యాడ్‌క్లిఫ్ సంగతి ఇంకా స్పష్టం. 1992 నుంచి 2003 దాకా ఆమెను పరీక్షించిన ఆండ్రూ జోన్స్ ప్రచురించిన లెక్కల ప్రకారం ఆమె వీఓ2 మ్యాక్స్ అన్నేళ్లూ 70 దగ్గరే ఉండిపోయింది. మారింది రన్నింగ్ ఎకానమీ, అంటే ఒకే వేగానికి ఖర్చయ్యే ఆక్సిజన్. అది దాదాపు 15 శాతం మెరుగైంది. 2003 లండన్ మారథాన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లు అలా వచ్చిందే.

ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి. మైదానం పరీక్షల బలహీనత అంతా ఇందులోనే ఉంది.

మీ ప్రశ్న శిక్షణ వేగాలు నిర్ణయించుకోవడమే అయితే వీఓ2 మ్యాక్స్ పరీక్ష అక్కర్లేదు. మెట్లు మెట్లుగా వేగం పెంచుతూ చేసే లాక్టేట్ పరీక్ష (కఠిన శ్రమలో రక్తంలో పెరిగే లాక్టేట్‌ను కొలిచేది) చాలు. ఎత్తైన ప్రదేశంలో క్యాంప్ పెట్టి రక్తం పెరిగిందా అని చూడాలంటే, కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ పీల్పించి మొత్తం హిమోగ్లోబిన్ ద్రవ్యరాశిని కొలిచే పద్ధతి మేలు. ష్మిట్, ప్రోమర్ 2005లో దాన్ని సులభం చేశారు. హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరిగితే వీఓ2 మ్యాక్స్ నిమిషానికి సుమారు 4 మిల్లీలీటర్లు పెరుగుతుందని లెక్క. ఇంజిన్ పెరిగిందా, లేక ఉన్న ఇంజిన్‌నే పొదుపుగా వాడుతున్నారా అని విడదీసి చూడాలంటే మాత్రం వదిలిన గాలిని కొలవక తప్పదు.

ల్యాబ్ యంత్రాలు మూడు రకాలు

మొదటిది డగ్లస్ బ్యాగ్. 1911లో క్లాడ్ గోర్డన్ డగ్లస్ వివరించిన సంచి. ముక్కుకు క్లిప్, నోట్లో కవాటం, వదిలిన గాలంతా లావుపాటి గొట్టం గుండా సంచిలోకి పోతుంది. తర్వాత తీరిగ్గా ఆ గాలి పరిమాణం, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ శాతాలు కొలుస్తారు. కంప్యూటర్ లోపల లెక్కల్లో ఏం చేసిందో అన్న అనుమానానికి తావుండదు. అందుకే మిగతా యంత్రాలను దీనితోనే సరిచూస్తారు. ఇబ్బందులూ ఉన్నాయి. ఎలైట్ అథ్లెట్ చివరి నిమిషాల్లో నిమిషానికి 180 లీటర్ల గాలి వదులుతాడు. 150 లీటర్ల సంచి 50 సెకన్లలో నిండిపోతుంది. కొళాయి తిప్పడంలో ఒక ఊపిరి అటూ ఇటూ అయితే లెక్క తప్పుతుంది. సంచిని ఎక్కువసేపు వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ గోడల్లోంచి మెల్లగా జారిపోతుంది. సంచులు, వాల్వులు తెలిసిన మనుషులున్న పరిశోధన ల్యాబ్‌లకే ఇది తగినది.

రెండోది మిక్సింగ్ ఛాంబర్. వదిలిన గాలి ఒక డబ్బాలో కలిసి, సగటు గాలిని సెన్సర్ చూస్తుంది. పార్వో మెడిక్స్ ట్రూవన్ 2400 ఇలాంటిదే. ఊపిరి ఊపిరికీ వివరం రాదు గానీ అంకెలు నిలకడగా ఉంటాయి.

మూడోది ప్రతి ఊపిరినీ విడివిడిగా కొలిచే బ్రెత్ బై బ్రెత్ యంత్రం. తెర మీద గీతలు కళ్లు చెదిరేలా కదులుతాయి. ఎలైట్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. మాస్క్ దగ్గర గాలి వేగం అప్పటికప్పుడు తెలుస్తుంది. గ్యాస్ మాత్రం సన్నని గొట్టం గుండా సెన్సర్‌కు చేరేసరికి కొంత ఆలస్యం. ఆ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేసి రెంటినీ జత చేస్తుంది. మామూలు మనిషి నిమిషానికి 30 ఊపిర్లు తీస్తుంటే చిన్న తప్పును యంత్రం భరిస్తుంది. ఊపిరికి 3 లీటర్ల చొప్పున నిమిషానికి 60 ఊపిర్లు తీసే అథ్లెట్‌కు ఊపిరి వదిలే సమయం అర సెకను. అందులో 50 మిల్లీసెకన్లు జారితే పదో వంతు జారినట్టే. గొట్టంలో చెమ్మ పేరుకుంటే ఆ ఆలస్యం పరీక్ష నడుస్తుండగానే మారిపోతుంది.

మా మాట: ఏటా రెండు మూడుసార్లు కొలిచి పోల్చుకోవడమే పనైతే మిక్సింగ్ ఛాంబర్ ఉన్న చోటికి వెళ్లండి. పరుగు మొదలైన తొలి నిమిషంలో ఆక్సిజన్ వాడకం ఎంత చురుగ్గా లేస్తుందో చూడాలంటేనే బ్రెత్ బై బ్రెత్ కావాలి.

ఒక శాతంలో పదో వంతు

సెన్సర్ తప్పు ఎంత చిన్నదైనా ఎంత దూరం పోతుందో ఒక లెక్కలో చూడండి. 65 కిలోల రన్నర్ చివరి నిమిషంలో, ప్రామాణిక స్థితికి (సున్నా డిగ్రీలు, సముద్ర మట్టపు పీడనం, తేమ లేని గాలి) మార్చాక, 150 లీటర్ల గాలి వదిలాడు. మాస్క్ దగ్గర అది సుమారు 180 లీటర్లు. పీల్చిన గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం. వదిలిన గాలిలో ఆక్సిజన్ 17.2, కార్బన్ డయాక్సైడ్ 4.0. నత్రజని లోపలికి ఎంత పోయిందో బయటికి అంతే వస్తుందన్న సూత్రంతో పీల్చిన గాలి 149.5 లీటర్లు. ఆక్సిజన్ వాడకం 5.50 లీటర్లు. కిలోకు 84.6.

ఇప్పుడు సెన్సర్ 17.2కు బదులు 17.3 చూపించిందనుకుందాం. అంతే, ఇంకేమీ మారలేదు. వాడకం 5.31 లీటర్లకు పడిపోతుంది. కిలోకు 81.7. ఒక శాతంలో పదో వంతు తప్పుకు దాదాపు మూడు పాయింట్లు పోయాయి. మొదట చెప్పుకున్న జూన్, సెప్టెంబర్ల తేడా ఇంతే.

అందుకే క్యాలిబ్రేషన్ అనేది ల్యాబ్ వాళ్ల గొడవ అని వదిలేయకండి, దగ్గరుండి చూడండి. యంత్రం కనీసం అరగంట ముందు ఆన్ చేసి ఉండాలి. రెండు పాయింట్ల దగ్గర సరిచూడాలి: ఒకటి గది గాలి, రెండోది సుమారు 16 శాతం ఆక్సిజన్, 4 నుంచి 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్. ఆ సిలిండర్‌కు సర్టిఫికెట్ ఉందా, గడువు దాటిందా అని అడగడానికి మొహమాటపడొద్దు. గాలి వేగాన్ని 3 లీటర్ల సిరంజితో సరిచూస్తారు. చాలాచోట్ల సిరంజిని నిదానంగా నాలుగుసార్లు తోసి సరే అనిపిస్తారు. ఎలైట్‌కు అది చాలదు. వేగంగా కూడా తోసి, ఆ వేగంలోనూ 3 లీటర్లే చూపిస్తుందో లేదో చూడాలి.

గది గాలి మరో మోసం. ఏసీ కోసం తలుపులన్నీ మూసి, లోపల ఆరేడుగురు నిలబడి, ట్రెడ్‌మిల్ మీద ఒకరు రొప్పుతుంటే గదిలో ఆక్సిజన్ 20.93 నుంచి 20.80కి దిగొచ్చు. యంత్రం మాత్రం 20.93 అనే అనుకుంటుంది. పై లెక్కలో అది దాదాపు 200 మిల్లీలీటర్లు ఎక్కువ చూపిస్తుంది. పరీక్షకు పది నిమిషాల ముందు కిటికీలు తెరిపించండి, చూడవచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టండి.

ఇక మాస్క్. గడ్డం ఉన్నవాళ్లకు అంచుల్లోంచి గాలి కారుతుంది. కారిన గాలి లెక్కలోకి రాదు, అంకె తగ్గుతుంది. పట్టీలు బిగించాక బయటి రంధ్రాన్ని అరచేత్తో మూసి గట్టిగా ఊదమనండి. ముక్కు పక్కన, గడ్డం కింద తడి వేలు పెడితే చల్లగా తగిలిన చోట కారుతున్నట్టు. సైజు రాసిపెట్టుకోండి. వచ్చేసారి కూడా అదే మాస్క్, అదే సైజు.

ఇవన్నీ సరిగ్గా చేసే ల్యాబ్‌ను గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: మీ సిబ్బందిలో ఒకరిని తరచూ సైకిల్ మీద 100, 200 వాట్ల దగ్గర కూర్చోబెట్టి యంత్రాన్ని సరిచూసుకుంటారా? అవునంటూ ఆ రికార్డు పుస్తకం తీసి చూపిస్తే అక్కడే చేయించుకోండి.

ట్రెడ్‌మిలా, సైకిలా, ఇంకొకటా

ఇందులో చర్చ లేదు. ఏ ఆట ఆడితే ఆ కదలికతోనే కొలవాలి. సైక్లింగ్ అలవాటు లేనివాళ్లకు సైకిల్ మీద ట్రెడ్‌మిల్ కంటే 5 నుంచి 10 శాతం దాకా తక్కువ వస్తుంది. ఊపిరి కంటే ముందు తొడలు చేతులెత్తేస్తాయి. సైక్లిస్టులకు ఆ తేడా దాదాపు కనబడదు. రోవర్లను రోయింగ్ ఎర్గోమీటర్ మీదే కొలవాలి. వాళ్ల అంకెను కిలోకు కాక మొత్తం లీటర్లలో చూడాలి, బరువును పడవ మోస్తుంది కనుక.

ఆ మాటకొస్తే రన్నర్లు కూడా లీటర్ల అంకెను తప్పక రాసుకోవాలి. 5.2 లీటర్లున్న అథ్లెట్ 66 కిలోల దగ్గర 78.8. శిక్షణ ఏమీ లేకుండా 64 కిలోలకు తగ్గితే 81.3. ఇంజిన్ మారలేదు, బండి తేలికైంది. కొండ రోడ్డు మీద లాభమే, కాదనం. కానీ అది గుండె బలం పెరగడం కాదు.

ట్రెడ్‌మిల్ చెప్పే వేగాన్ని కూడా నమ్మకండి. 18 కిలోమీటర్ల వేగంలో బరువైన అడుగు పడ్డప్పుడల్లా బెల్టు కొద్దిగా ఆగుతుంది. బెల్టు మీద తెల్ల టేపు ముక్క అంటించి, మనిషి పరిగెడుతుండగా 100 చుట్లకు పట్టే సమయం చూడండి. బెల్టు పొడవు 3.2 మీటర్లనుకుంటే 320 మీటర్లు. 18 కిలోమీటర్ల వేగానికి 64 సెకన్లు పట్టాలి. 65.3 పడితే అసలు వేగం 17.6. ఎకానమీ లెక్క మొత్తం తప్పుతుంది.

హాస్పిటల్ టీఎంటీ వద్దు

మన ఊళ్లలో ఎక్కువమందికి అందుబాటులో ఉండేది ఇదే కాబట్టి విడిగా చెప్పాలి. గుండె పరీక్షగా చేసే టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్ట్) రిపోర్టులో మెట్స్ అని ఒక అంకె ఉంటుంది; విశ్రాంతిలో వాడే ఆక్సిజన్‌కు శ్రమలో ఎన్ని రెట్లు వాడారన్నది. దాన్ని 3.5తో గుణించి ఇదే వీఓ2 మ్యాక్స్ అని చెప్పుకునేవాళ్లున్నారు. అక్కడ మాస్క్ లేదు, గాలి కొలవలేదు. ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నిలిచారో దాన్నిబట్టి వేసిన అంచనా అది. గుండె లయలో తేడాలు పట్టుకోవడానికి పనికొచ్చే పరీక్షే, ఎలైట్ అథ్లెట్ ఏడాదికోసారి చేయించుకోవడం మంచిదే. వీఓ2 మ్యాక్స్ కోసం మాత్రం కాదు.

మాస్క్ పెట్టి చేసే సీపెట్ (శ్రమ చేస్తుండగా గుండె, ఊపిరితిత్తుల పనిని కొలిచే పరీక్ష) సదుపాయం ఉన్న హాస్పిటళ్లు ఉన్నాయి. అక్కడికి వెళ్తే ప్రోటోకాల్ మార్చగలరా అని ముందే అడగండి. అలవాటుగా వాడేది బ్రూస్ ప్రోటోకాల్. మూడు నిమిషాలకోసారి వేగం, వాలు రెండూ పెరుగుతాయి. ఐదో మెట్టులో గంటకు 8 కిలోమీటర్ల వేగం, 18 శాతం వాలు. చదును నేల మీద 20 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాడికి ఇది పరుగూ కాదు, నడకా కాదు. పిక్కలు పట్టేసి దిగిపోతాడు, గుండె ఇంకా మిగిలే ఉంటుంది.

రన్నర్‌కు తగిన ప్రోటోకాల్

రెండు భాగాలుగా చేసేది మాకు నచ్చిన పద్ధతి. ఒకే సిటింగ్‌లో ఎకానమీ, లాక్టేట్, వీఓ2 మ్యాక్స్ మూడూ వస్తాయి.

1. పది, పదిహేను నిమిషాల వార్మప్. ట్రెడ్‌మిల్ వాలు 1 శాతం. ఆరుబయట గాలి ఎదురుకు సమానంగా ఈ వాలు పెట్టాలని జోన్స్, డౌస్ట్ 1996లో చూపించారు.
2. ఒక్కో మెట్టు 3 నిమిషాలు, మెట్టుకు గంటకు 1 కిలోమీటర్ పెంపు. మంచి పురుష రన్నర్ 15 లేదా 16 దగ్గర, మహిళా రన్నర్ 13 లేదా 14 దగ్గర మొదలుపెట్టొచ్చు. ప్రతి మెట్టు చివర అర నిమిషం ఆగి వేలి నుంచి రక్తం చుక్క. లాక్టేట్ లీటరుకు 4 మిల్లీమోల్స్ దాటాక ఆపేయండి.
3. పది, పదిహేను నిమిషాల విశ్రాంతి.
4. చివరి మెట్టు కంటే 2 కిలోమీటర్లు తక్కువ వేగం పెట్టి, వేగం మార్చకుండా నిమిషానికి 1 శాతం వాలు పెంచుతూ ఇక చాలనే దాకా. ఇది 8 నుంచి 12 నిమిషాల్లో ముగిసేలా చూసుకోండి.
5. మళ్లీ పది నిమిషాలు తేలిగ్గా నడక. ఆ తర్వాత వెరిఫికేషన్ పరుగు: చివర చేరిన స్థాయికి కొద్దిగా పైన, ఒకే లోడ్ మీద రెండు మూడు నిమిషాలు.

ఐదో అంచె ఎందుకంటే, నిజంగా గరిష్ఠానికి చేరారా అన్నది తేల్చేది అదే. లోడ్ పెరిగినా ఆక్సిజన్ వాడకం పెరగకుండా గీత చదునుగా మారడమే పాత గుర్తు. 1955లో టేలర్, బస్కర్క్, హెన్షెల్ దానికి నిమిషానికి 150 మిల్లీలీటర్ల హద్దు పెట్టారు. చాలామందిలో ఆ చదును కనబడనే కనబడదు. అప్పుడు కొన్ని ల్యాబ్‌లు ఆర్ఈఆర్ (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ వాడిన ఆక్సిజన్‌కూ ఉన్న నిష్పత్తి) 1.10 దాటింది, గుండె వేగం వయసుకు తగ్గట్టు చేరింది, కాబట్టి సరే అంటాయి. పూల్, విల్కర్సన్, జోన్స్ 2008లో పరీక్షించి చూస్తే, ఆర్ఈఆర్ 1.10 దగ్గర ఒప్పేసుకుంటే అసలు అంకె కంటే 27 శాతం దాకా తక్కువకే సరిపెట్టుకున్నట్టవుతుందని తేలింది. వెరిఫికేషన్ పరుగులో మొదటి అంకెకు 2, 3 శాతం లోపే వస్తే నమ్మండి. అంతకంటే ఎక్కువ వస్తే మొదటిది గరిష్ఠం కాదు.

సగటు సంగతి మరవద్దు. అదే డేటాను 5 సెకన్ల సగటుతో చూస్తే ఎక్కువ, 60 సెకన్ల సగటుతో చూస్తే తక్కువ. 30 సెకన్ల సగటు అని ముందే చెప్పండి, ఏటా అదే ఉంచండి. గొప్ప అంకెలు కోట్ చేసేటప్పుడు ఈ వివరం ఎవరూ చెప్పరు. 2012లో నార్వే సైక్లిస్ట్ ఆస్కార్ స్వెన్‌సెన్‌కు 18 ఏళ్లకే 97.5 వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. ఆయన ప్రొఫెషనల్ సైక్లింగ్‌లో పెద్ద విజయాలేమీ లేకుండానే ఆట వదిలేశారు.

హైదరాబాద్ అంకె, విశాఖ అంకె ఒకటి కాదు

ఎత్తు పెరిగితే వీఓ2 మ్యాక్స్ తగ్గుతుందని అందరికీ తెలుసు, కానీ ఊటీ అంత ఎత్తుకు వెళ్తేనే అనుకుంటారు. ఎలైట్ అథ్లెట్లలో గుండె తోసే రక్తం ఊపిరితిత్తుల గుండా ఎంత వేగంగా పోతుందంటే, ఆక్సిజన్ నిండడానికి సమయం చాలదు. సముద్ర మట్టంలోనే కొందరిలో రక్తంలో ఆక్సిజన్ శాతం 90ల మొదట్లోకి జారుతుంది. ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ గోర్ బృందం 1996లో శిక్షణ పొందిన సైక్లిస్టులను 580 మీటర్ల ఎత్తుకు సమానమైన గాలిలో కొలిస్తే వీఓ2 మ్యాక్స్ దాదాపు 7 శాతం పడింది. 580 మీటర్లంటే కాన్‌బెర్రా ఎత్తు. హైదరాబాద్ కూడా 500 మీటర్ల పైనే ఉంది. బెంగళూరు 900 దాటుతుంది.

విశాఖలో 76 వచ్చిన అథ్లెట్‌కు బెంగళూరు సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో 72 వస్తే ఫామ్ పోయిందని కంగారు పడాల్సిన పని లేదు. అలాగే బెంగళూరులో చేయించుకుని, తర్వాత విశాఖలో చేయించుకుని శిక్షణ ఫలించిందని మురిసిపోనూ వద్దు. ఊరు మారితే కొత్త లెక్క మొదలుపెట్టండి.

తగిలించుకుని తిరిగే యంత్రాలు

కాస్మెడ్ కే5 లాంటివి కిలో లోపు బరువుతో వీపున తగిలించుకుని ట్రాక్ మీద పరిగెత్తొచ్చు. కే5లో మిక్సింగ్ ఛాంబర్, బ్రెత్ బై బ్రెత్ రెండూ ఉన్నాయి. ట్రెడ్‌మిల్ మీద నిజ స్వరూపం బయటపడని స్కీయర్లు, కయాకర్లకు, ఘాట్ రోడ్డు మీద సైక్లిస్టులకు ఇది వరం. ఎండ, వాన, చెమట మాత్రం సెన్సర్లను ఏడిపిస్తాయి. మంచు పట్టిన ఉదయం బయటికి తీసుకెళ్లేటప్పుడు లోపల కాదు, బయటే క్యాలిబ్రేట్ చేయాలి. వీఓ2 మాస్టర్ లాంటి చిన్న పరికరాల్లో కార్బన్ డయాక్సైడ్ సెన్సరే ఉండదు. ఆర్ఈఆర్‌ను కొలవకుండా ఊహించుకుంటాయి. ధోరణి చూడటానికి సరే. ల్యాబ్ అంకెతో పోల్చడానికి కాదు.

మైదానం పరీక్షలు

కూపర్ పరీక్ష అందరికీ తెలిసిందే: 12 నిమిషాల్లో పరిగెత్తిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగించడం. 3800 మీటర్లకు 73.7. కెన్నెత్ కూపర్ 1968లో ఈ సమీకరణాన్ని అమెరికా వైమానిక దళం సిబ్బందిపై తయారుచేశాడు. సగటు మనిషికి సగటు ఎకానమీ ఉంటుందన్నది అందులో దాగిన ఊహ. ఇప్పుడు ర్యాడ్‌క్లిఫ్‌ను తలచుకోండి. వీఓ2 మ్యాక్స్ కదలకుండా ఎకానమీ 15 శాతం మెరుగైన మనిషిని కూపర్ పరీక్ష ఏటేటా వీఓ2 మ్యాక్స్ పెరుగుతున్నట్టు చూపించేది. పరుగు వేగం నుంచి లెక్కగట్టే ఏ పరీక్షకైనా ఈ జబ్బు ఉంది. ఎలైట్ కోచ్ విడదీసి చూడాలనుకున్న రెండింటినీ అది ఒకే కుండలో వండేస్తుంది.

క్రికెట్ వార్తల పుణ్యమా అని యో-యో పరీక్ష ఇంటింటికీ తెలిసింది. జెన్స్ బ్యాంగ్స్‌బో ఫుట్‌బాల్ లాంటి ఆటల కోసం తయారుచేసినది. 20 మీటర్లకోసారి ఆగి తిరగడం, మధ్యలో పది సెకన్ల విరామం. ఫీల్డింగ్‌కు తగినదే. పదివేల మీటర్ల రన్నర్‌కు మలుపుల్లో బ్రేకులు వేయడం చేతకాక తక్కువ వస్తుంది, అంతే.

ల్యాబ్ అందని రన్నర్‌కు మేము సిఫారసు చేసేది మాంట్రియల్ ట్రాక్ పరీక్ష. 1980లో లెజే, బౌచర్ రూపొందించారు. 400 మీటర్ల ట్రాక్ మీద ప్రతి 50 మీటర్లకో కోన్, బీప్ ఆడియో, రెండు నిమిషాలకోసారి 1 కిలోమీటర్ పెంపు. బీప్‌కు కోన్ చేరలేకపోయినప్పుడు ఆగాలి. పూర్తి చేసిన చివరి మెట్టు వేగాన్ని 3.5తో గుణిస్తే అంచనా వస్తుంది. 21 కిలోమీటర్లకు 73.5. ఆ గుణకారం చేయకపోయినా నష్టం లేదు. 21 అన్న వేగమే ఎక్కువ పనికొచ్చేది; ఇంటర్వెల్స్ (వేగంగా పరిగెత్తడం, మధ్యలో విరామం ఇవ్వడంగా సాగే శిక్షణ) దాని మీదే రాసుకోవచ్చు. గాలి లేని వేళ, ఎండాకాలంలో ఐదున్నరకల్లా మొదలుపెట్టండి. ఏడు దాటితే మీరు కొలుస్తున్నది ఎండను.

చేతి వాచీ

గార్మిన్ వాచీలు ఫిన్లాండ్ సంస్థ ఫస్ట్‌బీట్ పద్ధతిని వాడతాయి. మామూలు పరుగులో గుండె వేగానికీ కాళ్ల వేగానికీ ఉన్న సంబంధాన్ని గరిష్ఠ గుండె వేగం దాకా పొడిగించి అంచనా వేస్తాయి. సెట్టింగ్స్‌లో గరిష్ఠ గుండె వేగం 220 మైనస్ వయసు అని వదిలేస్తే అంచనా అక్కడే తప్పింది. మణికట్టు సెన్సర్ బదులు ఛాతీ పట్టీ వాడండి. గుంటూరులో మే నెల పరుగులకు అంకె పడిపోయి, డిసెంబర్‌లో దానంతటదే లేస్తే ఆశ్చర్యపోకండి. వేడికి గుండె వేగం పెరగడాన్ని వాచీ బలహీనత అనుకోవచ్చు. ఆపిల్ వాచ్ చూపించే పరిధే 14 నుంచి 65 దాకా. 70 పైన ఉన్నవాళ్లకు అందులో చోటే లేదు.

వాచీని పారేయమని కాదు. నెలల తరబడి గీత కిందికి జారుతుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయించుకోమని, నిద్ర చూసుకోమని గుర్తుచేసే గంట అనుకోండి.

ఎవరికి ఏది

జిల్లా, రాష్ట్ర స్థాయి జూనియర్‌కు మాంట్రియల్ పరీక్ష, ఎనిమిది వారాలకోసారి, అదే ట్రాక్ మీద. డబ్బు ల్యాబ్ మీద పెట్టే కంటే బూట్ల మీద పెట్టండి.

జాతీయ స్థాయి రన్నర్‌కు ఏడాదికి రెండుసార్లు ల్యాబ్‌లో రెండు భాగాల పరీక్ష, మధ్యలో ట్రాక్ పరీక్షలు. కార్బన్ ప్లేట్ బూట్లు ఎకానమీని సగటున 4 శాతం మార్చగలవని హూగ్‌క్యామర్ బృందం కొలిచి చూపించింది. అందుకని పరీక్షకు ఒకే మోడల్ బూట్లు, అది కొత్తదో పాతదో కూడా రాసుకోండి. ముందు రోజు కఠిన శిక్షణ వద్దు. తిన్నది, తాగిన కాఫీ రెండుసార్లూ ఒకటే ఉండాలి.

సైక్లిస్టుకు ల్యాబ్ సైకిల్ మీద, సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం తన బండి కొలతలకు బిగించి, నిమిషానికి 25 లేదా 30 వాట్ల చొప్పున పెంచే ర్యాంప్. తమ బండికి పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో చూపే పరికరం) ఉన్నవాళ్లు అదే పరీక్షలో దాన్ని కూడా రికార్డు చేసుకుంటే దాని అంకెకూ ల్యాబ్ సైకిల్ అంకెకూ ఉన్న తేడా తెలుస్తుంది.

మారథాన్ వైపు వెళ్లేవాళ్లు వీఓ2 మ్యాక్స్ కంటే మొదటి భాగానికి, అంటే ఎకానమీ, లాక్టేట్ మెట్లకు, ఎక్కువ సమయం కేటాయించమని ల్యాబ్‌ను అడగండి. రెండు గంటల మారథాన్ ప్రయత్నానికి సిద్ధమైన రన్నర్లను కొలిచిన జోన్స్ బృందం 2021లో ప్రచురించిన లెక్కల్లో వాళ్ల గరిష్ఠ వాడకం సగటు 71 మాత్రమే. గంటకు 21.1 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టడానికి కావాల్సింది కిలోకు దాదాపు 67. గరిష్ఠం 90 అక్కర్లేదు, గరిష్ఠానికి అంత దగ్గరగా రెండు గంటలు నిలవగలగాలి.

ల్యాబ్ నుంచి బయటికొచ్చే ముందు ఒక పేజీ రిపోర్టుతో సరిపెట్టుకోకండి. 30 సెకన్ల డేటా మొత్తం ఎక్సెల్ ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో అడగండి. అందులో వదిలిన గాలి లీటర్లు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ శాతాలు, గది ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం, ఆ రోజు బరువు ఉండాలి. యంత్రం మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మాస్క్ సైజు కింద చేత్తో రాయించుకోండి. మళ్లీ ఏడాది తర్వాత వెళ్లేసరికి టెక్నీషియన్ మారి ఉంటాడు.